ఎవరిని ఏ క్లాసులో కూర్చోబెట్టాలి? వయోజన విద్యలో పరీక్షలు ఎంచుకున్న నా అనుభవం

అమెరికాలో పెద్దవాళ్ళకి చదువు చెప్పే ఒక సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చే వలసవాళ్ళు, ఎప్పుడో హైస్కూలు మధ్యలో ఆపేసి ఇప్పుడు దానికి సమానమైన జీఈడీ పరీక్ష రాద్దామనుకునేవాళ్ళు, లెక్కలు కాస్త సరిచేసుకుని ఏదైనా ట్రైనింగ్‌లో చేరదామనుకునేవాళ్ళు, అందరూ ఒకే కౌంటర్ దగ్గరికి వస్తారు. వాళ్ళలో ఎవరు ఏ క్లాసుకి వెళ్ళాలో తేల్చే పరీక్షలు మార్చాల్సి వచ్చినప్పుడు, ఆ పని నా మీద, ఇంకో ఇద్దరు టీచర్ల మీద, రికార్డులు చూసే ఒకావిడ మీద పడింది. డైరెక్టర్ మాకు చెప్పింది ఒక్క ముక్కే: "లిస్టులో ఉన్నవి చూసి ఏది బాగుందో చెప్పండి."

ఆ లిస్టు సంగతి ముందు చెప్పాలి. ఫెడరల్ నిధులు తీసుకునే వయోజన విద్యా సెంటర్లు తమకి తోచిన పరీక్ష పెట్టి లెక్కలు చూపించడానికి వీల్లేదు. 2014లో వచ్చిన వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్, మా వాళ్ళంతా వియోవా అని పిలిచే చట్టం, అందులోని రెండో భాగం వయోజన విద్యది. దాని కింద నేషనల్ రిపోర్టింగ్ సిస్టమ్ అని ఒక పద్ధతి ఉంది. చేరిన ప్రతి విద్యార్థినీ అది ఒక లెవెల్‌లో పెట్టమంటుంది: మామూలు చదువుకి ఆరు లెవెళ్ళు, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి ఇంకో ఆరు. కనీసం 12 గంటలు క్లాసులో కూర్చున్నవాళ్ళే లెక్కలోకి వస్తారు. మొదట ఒక పరీక్ష, కొన్ని గంటల చదువు తర్వాత ఇంకో పరీక్ష. ఈ రెండిటి మధ్య లెవెల్ పెరిగితే అది ప్రగతి. ఈ లెక్కకి ఏ పరీక్షలు పనికొస్తాయో కేంద్ర విద్యాశాఖ పరిశీలించి ఆమోదిస్తుంది, ఆ జాబితా ఫెడరల్ రిజిస్టర్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ గెజిట్‌లో, వస్తుంది. ఆమోదం ఎప్పటికీ ఉండిపోయేది కాదు. ఏడేళ్ళకో మూడేళ్ళకో గడువు ముగుస్తుంది. ఆ జాబితాలోంచి రాష్ట్రం కొన్ని ఎంచుకుంటుంది, రాష్ట్రం ఎంచుకున్నవాటిలోంచి మేం ఎంచుకోవాలి. అంటే మా చేతికొచ్చేసరికి మిగిలేవి నాలుగైదు పేర్లే.

నాలుగైదే కదా, ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోతుందనుకుంటారు ఎవరైనా. మొదటి మీటింగులోనే తేలింది ఏమిటంటే, మేం నలుగురం నాలుగు వేరు వేరు సమస్యలకి మందు వెతుకుతున్నామని. రికార్డులావిడకి స్కోరు తిన్నగా డేటాబేస్‌లోకి వెళ్ళిపోవాలి, చేత్తో ఎక్కించే పని ఉండకూడదు. సాయంత్రం క్లాసు చెప్పే టీచర్‌కి పరీక్ష తొందరగా అయిపోవాలి, ఎందుకంటే ఆయన దగ్గరికి వచ్చేవాళ్ళు డ్యూటీ దిగి అలాగే వస్తారు, రెండు గంటలు స్క్రీన్ ముందు కూర్చోబెడితే మళ్ళీ కనిపించరు. ఇంకో టీచర్‌కి విద్యార్థికి ఏది వచ్చో ఏది రాదో విడివిడిగా చెప్పే రిపోర్టు కావాలి. నా గొడవ వేరు. ఏటా క్లాసులు మొదలైన రెండో వారానికి "ఈవిడ ఇక్కడ ఉండాల్సింది కాదు" అంటూ టీచర్లు ఒకరి గది నుంచి ఒకరి గదికి మనుషుల్ని పంపించుకోవడం చూసి చూసి ఉన్నాను. అది తగ్గితే చాలు నాకు.

అందుకని బ్రోషర్లు పక్కనపెట్టి, మా దగ్గర అసలు ఎన్ని గదులున్నాయో బోర్డు మీద రాశాం. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, నా మటుకు నాకు మొత్తం పనిలో ఎక్కువ ఉపయోగపడింది ఇదే. సాయంత్రం పూట ఇంగ్లీషుకి మాకున్నవి రెండే క్లాసులు. అక్కడ పరీక్ష తీర్చాల్సిన తగువు ఒక్కటే: ఈ మనిషి కింది గదికా, పై గదికా? ఆరు లెవెళ్ళని సన్నగా చీల్చి చూపించే పరీక్ష రిపోర్టుకి కావాలి, నిజమే. కానీ గది తేల్చడానికి కావాల్సింది ఆ ఒక్క గీత దగ్గర నమ్మదగ్గ కొలత. పొద్దున పూట పరిస్థితి వేరు, అక్కడ నాలుగు క్లాసులున్నాయి, అందులో ఒకటి అక్షరాల దగ్గర్నుంచి మొదలయ్యేది. ఒకే సెంటర్‌లో, ఒకే పరీక్షకి, పొద్దునా సాయంత్రం అడిగే ప్రశ్నలు వేరు.

ఇక్కడే ఇంకో ముడి కూడా విడిపోయింది. రిపోర్టు కోసం పెట్టే లెవెల్, కూర్చోబెట్టే క్లాసు, రెండూ ఒకటే అనుకుంటూ వచ్చారు మా వాళ్ళు చాలామంది. కాదు. ఆమోదం ఉన్న పరీక్షలో వచ్చిన స్కోరు లెవెల్‌ని నిర్ణయిస్తుంది, అది రికార్డులో అలాగే ఉంటుంది. మనిషిని ఏ గదిలో కూర్చోబెట్టాలో తేల్చేటప్పుడు ఆ స్కోరుతో పాటు మాట్లాడి చూడొచ్చు, రాయించి చూడొచ్చు, టీచర్ అభిప్రాయం తీసుకోవచ్చు, తర్వాత మార్చొచ్చు కూడా. ఇది అర్థమయ్యాక, అన్నీ చేసిపెట్టే ఒక్క పరీక్ష కోసం వెతకడం మానేశాం.

ఇక పరీక్షల విషయానికొస్తే, మా ముందున్నవాటిలో ప్రధానమైనవి మూడు. టేబ్ అంటే టెస్ట్స్ ఆఫ్ అడల్ట్ బేసిక్ ఎడ్యుకేషన్, డేటా రికగ్నిషన్ కార్పొరేషన్ వాళ్ళది. చదవడం, లెక్కలు, భాష అని మూడు భాగాలు. ఎల్, ఈ, ఎం, డీ, ఏ అని అయిదు కష్టస్థాయిలు. మేం చూసింది 11, 12 ఫారాలు, అంటే ప్రశ్నపత్రాలు. కాసాస్ శాన్ డియేగో కేంద్రంగా 1980 నుంచి పనిచేస్తున్న లాభాపేక్ష లేని సంస్థ. మామూలు చదువుకి గోల్స్ పేరుతో, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి స్టెప్స్ పేరుతో వాళ్ళ పరీక్షలున్నాయి. స్టెప్స్‌లో చదవడం ఒకటి, వినడం ఒకటి. మూడోది బెస్ట్ ప్లస్ 2.0, వాషింగ్టన్‌లోని సెంటర్ ఫర్ అప్లైడ్ లింగ్విస్టిక్స్ వాళ్ళది. ఇది కాగితం మీద రాసేది కాదు, ఎదురుగా కూర్చుని మాట్లాడించేది.

కంపెనీల వాళ్ళు ఇచ్చే డెమో చూస్తే అన్నీ బంగారమే. అందుకని శాంపిల్ టెస్టులు మేమే రాశాం, కౌంటర్‌లో కూర్చునే అమ్మాయితో సహా. చదువుకున్నవాళ్ళకి ప్రశ్నలు తేలికే, అందులో తెలుసుకునేదేమీ లేదు. తెలిసింది వేరే. ఆన్‌లైన్ టేబ్‌లో కొన్ని ప్రశ్నలకి జవాబుని మౌస్‌తో పట్టుకుని లాక్కెళ్ళి ఒక గడిలో వదలాలి. మౌస్ ఎప్పుడూ ముట్టని మనిషికి అక్కడ పరీక్ష చదువుకా, చేతికా? ముందు ప్రాక్టీసు చేసుకునే ఏర్పాటు వాళ్ళే ఇచ్చారు, బాగానే ఉంది. కానీ దానికి విడిగా టైం కేటాయించకపోతే ఎవరూ చేయించరు, నాకు తెలుసు. టేబ్‌కీ కాసాస్‌కీ రెండిటికీ కాగితం రూపం కూడా ఉంది. కంప్యూటర్ కొత్తయినవాళ్ళకి కాగితమే ఇవ్వాలని అప్పుడే రాసుకున్నాం. రికార్డులావిడ మొహం కాస్త ముడుచుకుంది, స్కాన్ చేసే పని ఆవిడదే కాబట్టి.

తర్వాత గట్టిగా పట్టుకున్నది లొకేటర్ సంగతి. అసలు పరీక్షకి ముందు ఒక చిన్న పరీక్ష ఉంటుంది, ఈ మనిషికి ఏ కష్టస్థాయి ఫారం ఇవ్వాలో చెప్పడానికి. హడావిడి రోజుల్లో చాలా చోట్ల దీన్ని ఎగ్గొడతారు, "చూస్తే తెలుస్తోంది కదా, ఎం ఇచ్చెయ్" అని. దాని ఫలితం స్కోరులో పడుతుంది. మరీ తేలికైన ఫారం ఇస్తే అన్నీ రైటే, పైన ఎంత ఎత్తుందో తెలియదు. మరీ కష్టమైనది ఇస్తే మనిషి గుడ్డిగా టిక్కులు పెడతాడు. నాలుగు ఆప్షన్లుంటే ఏమీ తెలియకపోయినా నాలుగింట్లో ఒకటి దానంతటదే కుదురుతుంది. అప్పుడొచ్చేది కూడా అంకెలాగే కనిపిస్తుంది, రిపోర్టులో చక్కగా ప్రింటవుతుంది. అందుకే ఈ పరీక్షలు తయారుచేసినవాళ్ళే ప్రతి ఫారానికీ ఇంత నుంచి ఇంత వరకు వచ్చిన స్కోరే నమ్మదగ్గదని హద్దులు పెట్టారు, హద్దు దాటితే గుర్తు వేసి చూపిస్తారు. మాన్యువల్ తెరిచి ఆ గుర్తుల అర్థం చదివినవాళ్ళు మా సెంటర్‌లో అంతవరకు ఒక్కరే ఉన్నారు, రికార్డులావిడ. ఆవిడని ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

మాన్యువల్‌లో ఇంకో మాట ఉంటుంది, స్టాండర్డ్ ఎర్రర్ ఆఫ్ మెజర్‌మెంట్ అని. పేరు చూసి పేజీ తిప్పేస్తారు అందరూ. విషయం మాత్రం మామూలుదే: అదే మనిషి రేపు అదే స్థాయి పరీక్ష ఇంకోసారి రాస్తే స్కోరు కొంచెం అటో ఇటో ఉంటుంది. ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె అది. కటాఫ్‌కి ఒకరు రెండు పాయింట్లు పైన, ఇంకొకరు రెండు పాయింట్లు కింద ఉంటే, పరీక్ష దృష్టిలో వాళ్ళిద్దరికీ తేడా లేదన్నట్టే. కానీ మేం ఆ ఇద్దరినీ వేరు వేరు గదుల్లో వేసి, ఒకరికి "మీరు పై క్లాసు" అని, ఇంకొకరికి "మీరు కింది క్లాసు" అని చెప్పి పంపిస్తున్నాం. భార్యాభర్తలు కలిసి వచ్చిన రోజున ఆ మాట చెప్పి చూడండి, తెలుస్తుంది.

కాబట్టి కటాఫ్‌కి రెండు వైపులా ఆ ఎర్రర్ అంత వెడల్పున ఒక పట్టీ గీసుకున్నాం. ఆ పట్టీలో పడినవాళ్ళని స్కోరుతో తేల్చకూడదు. టీచర్ అయిదు నిమిషాలు మాట్లాడాలి, ఒక పేరా రాయించాలి, వాళ్ళకి ఏ టైం కుదురుతుందో కూడా అడగాలి. ఇది అదనపు పనే, దానికి అందరూ మొదట ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకున్నది నా వాదన విని కాదు. మేం చేసిన ఒక చిన్న పోలిక చూసి.

ఆ పోలిక ఇది. అప్పటికే క్లాసుల్లో ఉన్న విద్యార్థుల్ని, స్కోర్లు చూడకుండా, కింది గదికి చెందినవాళ్ళు, పై గదికి చెందినవాళ్ళు అని టీచర్లనే విడగొట్టమన్నాం. తర్వాత శాంపిల్ పరీక్ష ఫలితాలు పక్కన పెట్టాం. చాలామంది విషయంలో రెండూ కలిశాయి, వాటి గురించి మాట్లాడుకోవడానికేం లేదు. కలవనివాళ్ళ కాగితాలు బల్ల మీద పరిచి ఒక్కొక్కరి గురించీ మాట్లాడుకున్నాం. వాళ్ళలో కటాఫ్‌ని ఆనుకుని ఉన్నవాళ్ళు కొందరు, అది ఊహించిందే. మిగతావాళ్ళు మాత్రం కటాఫ్‌కి దూరంగా ఉన్నవాళ్ళే, అయినా టీచర్ మాట, పరీక్ష మాట పొంతన లేకుండా ఉన్నాయి.

వాళ్ళలో ఒకాయన రెస్టారెంట్ కిచెన్లో ఏళ్ళ తరబడి పనిచేస్తున్నాడు. ఇంగ్లీషు గలగలా మాట్లాడతాడు, జోకులేస్తాడు. చదవమంటే మాత్రం ఏ భాషలోనూ సరిగ్గా రాదు, చిన్నప్పుడు బడికే పోలేదు. చదివే పరీక్ష ఆయన్ని అన్నిటికంటే కింద పెట్టింది. టీచర్ పై గది అన్నారు. ఇంకొకామె వాళ్ళ దేశంలో డిగ్రీ చేసింది. గ్రామర్ మా అందరికంటే బాగా తెలుసు, రీడింగ్‌లో మంచి స్కోరు. నోరు తెరిచి నాలుగు మాటలు కలపాలంటే మాత్రం చెమటలు. పరీక్ష ఆమెని పై గదిలో కూర్చోబెడుతుంది, అక్కడ అందరూ మాట్లాడుతుంటే ఆమె తల వంచుకుని నోట్సు రాసుకుంటూ ఉంటుంది. ఆయన విషయంలో పరీక్ష తప్పని గానీ, ఆమె విషయంలో టీచర్ తప్పని గానీ నేననను. పరీక్ష చదవడాన్ని కొలిచింది, టీచర్ మాటని విన్నారు. మా క్లాసు పేరు మాత్రం "ఇంగ్లీషు", అందులో రెండూ కావాలి.

ఇక్కడే బెస్ట్ ప్లస్ మీద అందరికీ ఆశ పుట్టింది. పరీక్ష పెట్టే మనిషి, విద్యార్థి, ఇద్దరే. ప్రశ్నలు ముందే రాసి ఉంటాయి, ఆ మాటలు అలాగే అడగాలి. ప్రతి జవాబునీ అక్కడికక్కడే మూడు విధాలుగా చూస్తూ మార్కు వెయ్యాలి: ప్రశ్న అర్థమైందా, జవాబులో భాష ఎంత విస్తారంగా ఉంది, చెప్పదల్చుకున్నది ఎదుటి మనిషికి చేరిందా. కంప్యూటర్ మీద పెడితే, ఇచ్చిన మార్కుని బట్టి తర్వాతి ప్రశ్న తేలికదో కష్టమైనదో అదే ఎంచుకుంటుంది. నేనే విద్యార్థినిగా కూర్చుని చూశాను, మా టీచర్ అడిగారు. ఆవిడ స్వభావం ఏమిటంటే, ఎవరైనా తడబడితే పక్కన చేరి మాట అందిస్తుంది. క్లాసులో అదే ఆవిడ బలం. ఇక్కడ అది పనికిరాదు. నేను కావాలనే ఆగి వెతుక్కుంటుంటే, ఆవిడ పెదవులు కదుపుతూ, బలవంతాన ఆపుకుంటూ, చివరికి నవ్వేసింది. శిక్షణ తీసుకున్నవాళ్ళే ఈ పరీక్ష పెట్టాలని నియమం ఎందుకుందో అప్పుడు బాగా తెలిసొచ్చింది.

శిక్షణ సంగతి సరే, అసలు ఇబ్బంది మనుషుల లెక్క. కాసాస్ వినే పరీక్ష గదినిండా జనానికి ఒకేసారి పెట్టొచ్చు. బెస్ట్ ప్లస్ ఒక్కొక్కరికే. కొత్త టర్మ్ మొదలయ్యే రోజు కారిడార్ అంతా జనం ఉంటే, ముగ్గురు పరీక్షకులతో ఎంతసేపని?

ఇంకో లెక్క కూడా దాని మీదికి వచ్చింది. మొదటి పరీక్షకీ రెండో పరీక్షకీ మధ్య ఇన్ని గంటల క్లాసు జరగాలని ప్రతి కంపెనీ చెబుతుంది. కాసాస్ 70 నుంచి 100 గంటలు మంచిదంటుంది, కనీసం 40. టేబ్ కింది లెవెళ్ళకి 50 నుంచి 60, కనీసం 40. బెస్ట్ ప్లస్‌కి కనీసం 60. మా సాయంత్రం క్లాసు వారానికి రెండు రోజులు, రోజుకి రెండు గంటలు, పన్నెండు వారాలు. ఒక్క రోజు కూడా మానకుండా వచ్చినా 48 గంటలే. అంటే టర్మ్ చివర్లో 40 గంటల పరీక్ష ఎలాగోలా పెట్టగలం, 60 గంటలది పెట్టలేం. విద్యార్థి రెండో టర్మ్‌కి తిరిగి వస్తేనే కుదురుతుంది. బ్రోషర్లో ఇది ఎక్కడో చివర ఉంటుంది. మాకు మాత్రం సాయంత్రం క్లాసులకి బెస్ట్ ప్లస్ కుదరదని తేల్చేసింది ఇదే.

లెక్కల విషయంలో తగువు తక్కువే జరిగింది గానీ ఒక్కటి చెప్పాలి. టేబ్ 11, 12 ఫారాలు మామూలు చదువు లెవెళ్ళకోసం. ఇంగ్లీషు పై లెవెల్ దాటి జీఈడీ వైపు వచ్చేవాళ్ళు కూడా అదే రాస్తారు. కొలతలు తీసి చెక్క కోసి ఇళ్ళకి కప్పులు వేసే మనిషి ఒకాయన భిన్నాలు నోటితో చెప్పగలడు, పరీక్షలో మాత్రం ఆయనకి లెక్కల స్కోరు బాగా కిందికి వచ్చింది. ఆయన రఫ్ పేపర్ చూశాను. అంకెలతో ఉన్న లెక్కలన్నీ చేశాడు. మూడు నాలుగు వాక్యాల కథ చెప్పి చివర్లో ప్రశ్న అడిగినవన్నీ ఖాళీ. ఆ స్కోరు పేరు లెక్కలే, కానీ అందులో సగం ఇంగ్లీషు. అలాంటివాళ్ళని తెచ్చి కూడికల క్లాసులో కూర్చోబెడితే రెండో రోజు నుంచి రారు. అందుకని మొత్తం స్కోరు చూసి గంపగుత్తగా ఒక లెవెల్ అనకుండా, చదవడానికి ఒక క్లాసు, లెక్కలకి ఒక క్లాసు, విడివిడిగా వెయ్యాలన్నాం. టైంటేబుల్ వేసేవాళ్ళు మా మీద ఇప్పటికీ కోపంగానే ఉన్నారు.

పరీక్ష ఏదైనా, అది పెట్టే గది, ఆ రోజు, ఆ మనిషి పరిస్థితి స్కోరులో కలిసిపోతాయి. దీని గురించి ఏ కంపెనీ మాన్యువల్‌లోనూ సరిపడా ఉండదు. ట్రయల్ రోజు ఒకాయన చదివే పరీక్షలో కాగితం చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తున్నాడు. అడిగితే, కళ్ళజోడు కార్లో ఉందన్నాడు, అడగడానికి మొహమాటపడ్డాడట. ఆ తర్వాత పరీక్ష బల్ల మీద రకరకాల పవర్ల రీడింగ్ గ్లాసులు ఒక డబ్బాలో పెట్టాం. మేం చేసిన మార్పులన్నిటిలోకీ చవకైనది అదే. పెద్ద అక్షరాల పేపర్ కావాలా, ఎక్కువ టైం కావాలా, వినికిడి సమస్య ఉందా అని కౌంటర్ దగ్గరే అడగాలని ఫారంలో చేర్చాం. వైకల్యం ఉన్నవాళ్ళకి సదుపాయం కల్పించడం చట్టప్రకారం మా బాధ్యత కూడా. కానీ అడిగితేనే గదా వాళ్ళు చెప్పేది.

భయం సంగతి మరీ. మా దగ్గరికి తెలుగువాళ్ళు కూడా వస్తుంటారు, ఎక్కువగా పిల్లల దగ్గరికి వచ్చి ఉండిపోయిన పెద్దవాళ్ళు. ఒకావిడ కంప్యూటర్ గది గుమ్మంలోనే ఆగిపోయి నన్ను పక్కకి పిలిచింది.

"అమ్మాయ్, ఈ వయసులో నాకు పరీక్షలేంటి? తప్పితే ఇంటికి పంపించేస్తారా?"

"లేదాంటీ, ఇందులో తప్పడం అంటూ ఉండదు. మిమ్మల్ని ఏ టీచర్ దగ్గర కూర్చోబెట్టాలో చూసుకోడానికే."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా! రాత్రంతా నిద్ర లేదు నాకు."

చెప్పొచ్చు. నిజానికి చెప్పడం రాసి ఉంది కూడా, ఇంగ్లీషులో, ఇంగ్లీషు రానివాళ్ళ కోసం. మా దగ్గరికి ఎక్కువగా వచ్చే భాషల్లో ఆ నాలుగు వాక్యాలూ రాయించి గోడకి అంటించాం: ఇది పాస్ ఫెయిల్ పరీక్ష కాదు, తెలియని ప్రశ్న వదిలెయ్యొచ్చు, కళ్ళజోడు కావాలంటే అడగండి, మధ్యలో బాత్రూంకి వెళ్ళాలంటే ముందు చెప్పండి. ఆ ఆంటీకి తెలుగు చక్కగా చదవడం, రాయడం వచ్చు, ఇంటి జమాఖర్చులు ముప్ఫయ్యేళ్ళు రాసింది. ఇంగ్లీషులో మాత్రం పేరు రాయడానికే తంటాలు. స్కోరు ప్రకారం ఈవిడా, ఏ భాషలోనూ అక్షరాలు రాని ఇంకొకామె, ఇద్దరూ ఒకే లెవెల్. కానీ ఒక్కసారి చదవడం వచ్చిన మనిషికి కొత్త లిపి నేర్పడం వేరు, అసలు గీతకీ శబ్దానికీ సంబంధం ఉంటుందని మొదటిసారి చెప్పడం వేరు. ఆంటీ కొన్ని వారాల్లో బస్ బోర్డులు చదివేస్తుంది. ఇంకొకామెకి నెలల తరబడి ఓపికగా చెప్పాలి. ఇది ఏ ప్రామాణిక పరీక్షా చెప్పదు. చెప్పడానికి మేం కౌంటర్ దగ్గర ఒక చిన్న పని పెట్టుకున్నాం: మీకు వచ్చిన భాషలో మీ గురించి రెండు వాక్యాలు రాయండి, అని. మాకు ఆ భాష రాకపోయినా ఫర్వాలేదు. పెన్ను పట్టుకునే తీరు, చెయ్యి నడిచే వేగం చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

చివరికి డైరెక్టర్‌కి ఇచ్చిన కాగితంలో ఒక్క పేరు లేదు, అది ఆవిడకి నచ్చలేదు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళకి కాసాస్, చదవడం, వినడం రెండూ. అక్షరాల దగ్గర్నుంచి మొదలుపెట్టే పొద్దుటి క్లాసుకి మాత్రం బెస్ట్ ప్లస్, ఎందుకంటే వాళ్ళకి చదివే పరీక్ష ఇస్తే కొలవడానికి ఏమీ మిగలదు, మాట్లాడిస్తే ఎంతో కొంత కనిపిస్తుంది, పొద్దున గంటలు కూడా సరిపోతాయి. జీఈడీ వైపు వెళ్ళేవాళ్ళకి టేబ్, లొకేటర్ తప్పకుండా పెట్టాకే. వీటికి తోడు, రిపోర్టులో లెక్కకి రాని మా సొంత పద్ధతి: అయిదు నిమిషాల మాటలు, ఒక పేరా రాత, కటాఫ్ పట్టీ. మొదటి రెండు వారాల్లో టీచర్ అడిగితే విద్యార్థిని ఇంకో గదికి మార్చొచ్చు, దానికి ఒక చిన్న ఫారం. డబ్బు గురించి చాలాసేపు నడిచింది, అది ఎక్కడైనా నడిచేదే. ఆన్‌లైన్ పరీక్షలు ఇన్నని కొనుక్కోవాలి, బెస్ట్ ప్లస్‌కి మనుషుల గంటలు ఖర్చవుతాయి. రెండూ ఖర్చే, ఒకటి బిల్లులో కనిపిస్తుంది, ఇంకోటి జీతాల్లో కలిసిపోతుంది.

కొత్త పద్ధతి మొదలయ్యాక గదులు మారే గొడవ పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. ఇప్పుడు తగువంతా ఆ అయిదు నిమిషాల మాటల మీదే. ఒకే విద్యార్థితో ఇద్దరు టీచర్లు మాట్లాడితే ఒకరు పై గది అంటారు, ఒకరు కింది గది అంటారు. బెస్ట్ ప్లస్ వాళ్ళ శిక్షణలో చూసింది గుర్తొచ్చి, విద్యార్థుల అనుమతితో కొన్ని సంభాషణలు రికార్డు చేశాం. టర్మ్ మొదలయ్యే ముందు టీచర్లందరం కూర్చుని అవే విని, ఎవరికి వాళ్ళం మార్కులు వేసి పోల్చుకుంటున్నాం. పోయినసారి ఒక రికార్డింగ్ దగ్గర గంట ఆగిపోయాం. ఆ అబ్బాయి ప్రతి ప్రశ్నకీ ఒకటి రెండు మాటల్లోనే జవాబు చెప్పాడు, కానీ ప్రతీదీ సరైన జవాబే. సాయంత్రం టీచర్ "పై గది, అనుమానమే లేదు" అంటారు. ఇంకో టీచర్ "మూడు మాటలు కలపనివాడు పై గదిలో ఏం చేస్తాడు" అంటుంది. నేను కింది గదికే ఓటేశాను. ఆ అబ్బాయిని ప్రస్తుతానికి పై గదిలోనే ఉంచాం, రెండు వారాల ఫారం టీచర్ బల్ల మీద ఉంది.